రెండు అడ్డపుల్లల నడుమ

గవ్వలు ఏరుకునేవాడి వేషంలో, భుజాన గోనెసంచీతో మిహిరసేనుడు తూర్పు తీరానికి చేరేసరికి పొద్దు నడినెత్తికెక్కింది. కనకవల్లి రాజ్యానికి అతడు యువరాజు. ఆ పూట అతణ్ణి చూసినవాళ్ళు మాత్రం గుక్కెడు గంజి పోసి పంపించేసేవాళ్ళే తప్ప లేచి నిలబడేవాళ్ళు కారు. గుర్రం మొసళ్ళ ఏట్లో పోయింది. తోడు వచ్చిన మంత్రికుమారుడు శాపం తగిలి శిలై, వెనకాల లోయలో వానకు తడుస్తూ నిలబడి ఉన్నాడు. అతనితో తాను చివరగా అన్న మాట ఏమిటా అని మిహిరసేనుడు దారి పొడుగునా తలుచుకుంటూ వచ్చాడు. "కాస్త త్వరగా నడువు" అన్నాడు. అంతే.

సంచీలో విల్లూ బాణాలూ కత్తీ గోనెగుడ్డలో చుట్టి దాచి ఉన్నాయి. గవ్వల అడుగున నాగతంతువు ఉంది. గుప్పెట్లో ఇమిడే వెండి నూలుండ. దారిలో కలిసిన సిద్ధయోగిని ఒకామె దాన్ని ఇస్తూ చెప్పింది: "నాయనా, దీన్ని బాణానికి కట్టి, ఎంత పొడవు కావాలో నోటితో చెప్పు. చెప్పినంతే సాగుతుంది, వెంట్రుకవాసి ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఒకసారి బిగిసిందంటే దాని మీద ఏనుగు నడిచినా తెగదు. కానీ పలికేది ఒక్కసారే. రెండోసారి పలికితే అది వట్టి నూలు."

ఎదురుగా సముద్రం. నెమలి మెడలో ఎన్ని నీలాలు ఉంటాయో అన్నీ అక్కడ పరిచి ఉన్నాయి. ఒడ్డున ముత్యపుచిప్పల పొడి కలిసిన ఇసుక పాలమీగడలా మెరుస్తోంది. అలల నడుమ, నీటిని చీల్చుకు లేచిన కత్తిలా ఒక నల్లని కొండ. కొండకొమ్మున ఒంటిస్తంభపు మేడ. మేడ తలమీద ఇత్తడి కలశం రెండో సూర్యుడిలా వెలుగుతోంది. కలశం కింది గవాక్షంలో తెల్లని గుడ్డపీలిక ఒకటి గాలికి ఊగుతోంది.

మిహిరసేనుడు దాన్ని గుర్తుపట్టాడు. అది చెల్లెలు తరళ పమిట చెంగు. బతికి ఉన్నానని ఆ పిల్ల చెబుతున్న కబురు. మాంత్రికుడు ఘూర్ణనేత్రుడు ఆమెను ఎత్తుకుపోయి ఆ మేడలో దాచాడు. రేపటి అమావాస్యకు తన క్షుద్రదేవతకు బలి ఇస్తాడు. ఆ దీవి చుట్టూ ఉన్న నీటికి మంత్రకట్టు ఉంది. నీటిని తాకింది ఏదీ, పడవైనా మనిషైనా బాణమైనా, అవతలికి చేరదు. గాలిలోనే వెళ్ళాలి. తంతువు పొట్టిదైతే కలశాన్ని అందుకోదు. పొడుగైతే వేలాడి నీళ్ళను తాకుతుంది. సరైన పొడవు చెప్పాలి. ఆ పొడవు ఎంతో భూమ్మీద తెలిసినవాళ్ళు లేరు.

"ఎవరు నాయనా నువ్వు? గవ్వల సంచీ చప్పుడు వినబడుతోంది, కానీ గవ్వలేరేవాడి అడుగు కాదే ఇది."

ఉలిక్కిపడి వెనుదిరిగాడు. ఓడ చెక్కలతో కట్టిన గుడిసె ముందు ఒక ముసలామె కూర్చుని ఉంది. ఎండిన తామరాకులాంటి ముఖం, కళ్ళమీద తెల్లని పొర.

"గవ్వలేరేవాడు నాలుగడుగులకు ఒకసారి ఆగుతాడు, వంగుతాడు," అందామె. "నువ్వు ఆగకుండా వచ్చావు. చూపు దూరాన ఉన్నవాడి నడక అది. ఆ మేడకేసి చూస్తున్నావా?"

"అవ్వా, ఇక్కణ్ణించి ఆ కలశం ఎంత దూరం ఉంటుంది?"

"ఆ మాట అడిగినవాళ్ళందరూ పడవ ఎక్కారు."

"నేను ఎక్కను. కూర్చుని అడుగుతున్నాను." అతను నిజంగానే ఇసుకలో కూర్చున్నాడు.

ముసలామె లేచింది. లోపలికి వెళ్ళి రెండు గిన్నెలు తెచ్చింది. ఒకదాంట్లో గంజి పోసి అతనికిచ్చింది. రెండోదాన్ని ఖాళీగానే తన పక్కన పెట్టుకుంది.

"నీకు, అవ్వా?"

"నేను తిన్నాను. అది ఆయనది."

ఆమె పేరు షూవెన్. చీనా దేశంలో పుట్టింది. ఆమె భర్త చక్రవర్తి కొలువులో కొలతల అధికారి. తీరాలన్నీ కొలిచి రమ్మన్న ఆజ్ఞ మీద దంపతులిద్దరూ దేశాలు తిరుగుతూ ఇక్కడికి వచ్చారు. ఈ ఒడ్డున నిలబడే ఆ దీవిని కొలిచారు.

"కొలతకు చిక్కిన దాన్ని ఎవడైనా చేరగలడు. అందుకని ఘూర్ణనేత్రుడికి మా మీద పగ," అంది ఆమె. "నా చూపు తీసేశాడు. మా తలల్లోంచి ఆ లెక్కను తుడిచేశాడు. మా ఆయనకు ఉక్రోషం వచ్చింది. నీటికి కట్టు ఉందని తెలుసు, తెలిసీ పడవ ఎక్కాడు. పడవ చెక్కలే ఒడ్డుకు వచ్చాయి; ఆయన మునిగాడో, వాడు పైకి ఎత్తుకుపోయాడో తెలియదు. నాయనా, లెక్క తెలిసినవాడు కూడా కోపంలో పడవే ఎక్కుతాడు."

"లెక్క పోయింది సరే, ఎలా కట్టారో ఆ పద్ధతి?"

ఆమె పెదవుల మీద మొదటిసారి నవ్వు కదిలింది. "అదే వాడికి తెలియలేదు. పద్ధతి మాకు తలలో ఉండదు. వేళ్ళల్లో ఉంటుంది." నడుముకు కట్టుకున్న సంచి విప్పి చాప మీద వెదురుపుల్లలు ఒలకబోసింది. వేలెడంత పొడవు, కొన్ని ఎర్రవి, కొన్ని నల్లవి. "ఎర్రవి ఉన్నదానికి, నల్లవి లోటుకి. ఎర్రదానికి మూడు పలకలు, నల్లదానికి నాలుగు. పెద్దవాళ్ళు ఎందుకు అలా చెక్కారో చూపున్నన్నాళ్ళూ నాకు తెలియలేదు."

తర్వాత వాటిని పేర్చడం చెప్పింది. కుడి చివర ఒకట్లు, దాని ఎడమన పదులు, ఆపైన వందలు, ఆపైన వేలు. ఒకట్లను నిలువుగా పెట్టాలి, పదులను అడ్డంగా, వందలను మళ్ళీ నిలువుగా, వేలను అడ్డంగా.

"కోట గోడ మీద కావలివాళ్ళ లాగా అనుకో. ఒకడు నిలబడి మేలుకుని ఉంటే పక్కవాడు పడుకుంటాడు. వాడి పక్కవాడు మళ్ళీ నిలబడతాడు."

"మరి ఒక స్థానంలో ఏమీ లేకపోతే? మా దేశంలో అక్కడ సున్న చుడతాం."

"మేము ఏమీ పెట్టం. ఆ చోటు అలాగే వదిలేస్తాం."

"మరిచిపోరూ?"

"నాయనా, పక్కపక్కన ఇద్దరు పడుకుని కనబడితే, మధ్యలో మేలుకుని ఉండాల్సినవాడు లేడని తెలియదూ?" ఆమె చెయ్యి ఖాళీ గిన్నె మీదకు వెళ్ళింది. "లేనివాళ్ళను మరిచిపోవడం అంత సుళువు కాదు."

లేనిచోట గుర్తు పెట్టడం మేలా, ఏమీ పెట్టకుండా చోటు వదలడం మేలా? విగ్రహం లేని పీటకు దీపం పెట్టే ఇళ్ళు ఉన్నాయి. ఆ పీట మీద ఏముందని పిల్లలు అడిగితే పెద్దలు విసుక్కుంటారు గాని, అడగడం తప్పని ఎలా అనగలం? మిహిరసేనుడికి ఆ క్షణాన తండ్రి కొలువులో తన ఆసనం గుర్తొచ్చింది. పక్కన తరళ కూర్చునే చిన్న పీట గుర్తొచ్చింది. రెండింటినీ ఎవరైనా తీసేసి సర్దుకున్నారో, అలాగే వదిలేశారో.

"లే, కొలుద్దాం," అంది షూవెన్. "నీ కళ్ళు, నా వేళ్ళు. ఆరేసి మూరల గుంజలు రెండు పాతాలి. ఒకటి నీటి అంచున. రెండోది దానికి సరిగ్గా వెనకాల, రెండు వందల మూరల అవతల. గాలి జోరుగా ఉంది. వెనక గుంజ కదలకుండా పట్టుకోవడానికి ఒక మనిషి దొరికితే బాగుండును."

ఆ మాట అంటుండగానే, పిలిచినట్టుగా, ఇసుకదిబ్బ మీంచి గాడిదను తోలుకుంటూ ఒక మనిషి దిగివచ్చాడు. నల్లగా పొట్టిగా, తలకు పాగా, ముఖమంతా నవ్వు.

"దండాలు బాబూ. ఉప్పోడినండి, బొడ్డన్నంటారు. ఏటి, ఇసకలో గుంజలు పాతుతన్నారు? పందిరేత్తన్నారా, పెళ్ళేటి?"

"నీ గాడిదకే పెళ్ళి," అంది షూవెన్. "గుంజ పట్టుకుంటావా?"

"ఆడదాని తరపోళ్ళు ఒప్పుకుంటే నాకేటి, పట్టుకుంటాను. ఏటి కొలుత్తారు ఈటితో?"

"నీకు లెక్కలు వచ్చా?" అడిగాడు మిహిరసేనుడు.

"నాకా బాబూ? సేతేళ్ళు దాటితే ఎనకబడిపోతాను. పది కుంచాలు కొలిచాక గులకరాయి ఒకటి జేబులో ఏసుకుంటాను. మా ఆడది సాయంత్రం రాళ్ళు లెక్కెట్టి తిడతాది."

మిహిరసేనుడు నవ్వాడు. నవ్వి ఎన్నాళ్ళైందో. మనిషితో మనిషి పరాచికం ఆడడం అన్నంకన్నా ముందు కావలసిన వస్తువని ఆ నవ్వుతోనే అతనికి తెలిసింది. బొడ్డన్నను అతను ఒక్కమాట కూడా ఎక్కువ అడగలేదు.

షూవెన్ చిటికెడు ఉప్పు అడిగింది. "అంతా అమ్ముడుపోనాది అవ్వా, బుట్టలు కాళీ," అన్నాడు బొడ్డన్న. గాడిద మాత్రం బరువు మోసేదానిలాగే ఆయాసపడుతోంది.

గుంజలు పాతారు. మిహిరసేనుడు ముందు గుంజ వెనకాల ఇసుకలో బోర్లా పడుకుని, చెంప నేలకు ఆనించి, గుంజ మొనా దూరాన కలశం మొనా ఒకదాని మీద ఒకటి వచ్చేదాకా వెనక్కి పాకాడు. రెండు మొనలూ కలిసిన చోట మూరకర్రతో కొలిచాడు. గుంజ నుంచి ఎనిమిది మూరలు. వెనక గుంజ దగ్గరకు వెళ్ళి మళ్ళీ అలాగే పాకాడు. ఈసారి పది మూరలు.

గుడిసె దగ్గరకు వచ్చి అవ్వ అరచేతిలో ఆ రెండు సంఖ్యలూ వేలితో తట్టి చెప్పాడు. ఆమె ఊపిరి బిగబట్టింది.

"ఒక్క గుంజతో ఏమీ తెలియదు," అని ఆమె మెల్లగా అంది. "దగ్గరి చిన్నకొండకూ దూరాన పెద్దకొండకూ ఒక్క గుంజ ఒకే జవాబు చెబుతుంది. రెండో చోటికి జరిగి మళ్ళీ చూడాలి. ఎనిమిదికీ పదికీ తేడా రెండు మూరలు. ఈ సముద్రమంతా ఆ రెండు మూరల్లో ఉంది నాయనా. గుంజల నడిమి దూరాన్ని ఆ తేడాతో పంచు."

"రెండు వందలను రెండుతో. వంద."

"నీ కంటిముందు మూరకు అక్కడ వంద మూరలు. ఎనిమిదికి ఎనిమిది వందలు, ముందు గుంజ నుంచి కొండ దాకా. గుంజ ఆరుకు ఆరు వందలు, దాని మీద గుంజ ఎత్తు కలుపు."

"కలశం ఎత్తు ఆరు వందల ఆరు." మిహిరసేనుడు తలెత్తి కలశంకేసి చూశాడు. కదలకుండా కూర్చున్నచోటే ఆ కొండ తన చేతికి వచ్చింది.

"అది నేల మీది దూరమూ, నిలువు ఎత్తూ. నీకు కావలసింది కంటి నుంచి కలశానికి ఏటవాలు. కంటి దగ్గరి ఎనిమిది మూరలూ కలిపిన నేల దూరం అంత పక్క ఉన్న నలుచదరపు చాప ఒకటి, ఎత్తు అంత పక్క ఉన్నది ఇంకొకటి. రెంటి నేతా విప్పి ఒకే నలుచదరపు చాపగా నేస్తే, దాని అంచే నీ దారం. అది నేను పుల్లలతో..."

ఆమె ఆగిపోయింది. గుడిసె కప్పు మీద కాకులు వాలిన చప్పుడు. ఒకటి కాదు, కప్పు నిండా.

"ఇక నోటితో అనకు," అని చెవిలో చెప్పింది. "నేను పేర్చి పెడతాను. చూసుకో. బాణం ఎక్కుపెట్టాకే పలుకు."

వేళ్ళు చాప మీద కదిలాయి. పుల్లలు గుంపులుగా వచ్చి నిలబడ్డాయి, పడుకున్నాయి, కరిగి పైవరుసలోకి పోయాయి. సాలెవాడి చేతుల్లో నాడెలాగా ఆ వేళ్ళు తిరుగుతుంటే మిహిరసేనుడు ఆకలి మరిచి చూశాడు. పొద్దు పడమటికి వాలింది. చివరికి చాప మీద ఉన్నవన్నీ ఏరేసి, ఒక్క జవాబు మాత్రం మిగల్చబోతుండగా, ఆకాశం నల్లబడింది.

కాకులన్నీ ఒక్కసారిగా లేచాయి. లేస్తూనే గద్దలయ్యాయి, రాగి రెక్కలతో, ఇనుప ముక్కులతో. మిహిరసేనుడు విల్లు అందుకున్నాడు. మొదటి బాణానికి ఒకటి కూలింది, రెండో బాణం రెండింటిని గుచ్చుకుపోయింది. ఒక రెక్క విసురుకు గుడిసె కప్పు ఎగిరిపోయింది. ఇంకొక రెక్క షూవెన్ నుదుటికి తగిలి ఆమె పక్కకు ఒరిగింది. కత్తి దూసి ఆమెకు అడ్డంగా నిలబడి కనబడిందల్లా నరికాడు. నరికిన ప్రతి గద్దా పొగై పోయింది. ఆఖరుది అతని భుజాన్ని చీల్చి సముద్రం మీదుగా ఎగిరిపోయాక, తీరమంతా మళ్ళీ నిశ్శబ్దం. అలల చప్పుడు, తన ఊపిరి.

"అవ్వా."

వంగి చూశాడు. ఊపిరి ఆడుతోంది, స్పృహ లేదు.

"బెంగెట్టుకోకండి బాబూ," అంటూ బొడ్డన్న చాప దగ్గర లేచాడు. దాని మీద బోర్లించిన ఉప్పుబుట్ట తీశాడు. "పుల్లలు సెదిరిపోకుండా నాను కాసేను. సూసుకోండి. ముసల్ది లేచీసరికి పొద్దుగూకిపోద్ది. సీకట్లో కలశం కనబడదు. ఏసీండి బాణం."

నిజమే. సూర్యుడు దిబ్బల మీదకు దిగాడు. కలశం మెరుపు తగ్గుతోంది. గవాక్షంలో తెల్లపీలిక మాత్రం ఊగుతూనే ఉంది. మిహిరసేనుడు ముందు గుంజ వెనక, తాను కన్ను ఆనించిన చోట మోకరించాడు. బాణపు కొక్కేనికి తంతువు కట్టాడు. చాపకేసి చూశాడు.

ఎడమ చివర, వేల స్థానంలో, ఎర్రపుల్ల ఒకటి. దాని పక్కన, వందల స్థానంలో, ఇంకొకటి. తర్వాత ఏమీ లేదు.

"ఎయ్యిన్ని నూరు మూరలు," అన్నాడు బొడ్డన్న. "అనీండి బాబూ."

మిహిరసేనుడు కులదైవాన్ని తలుచుకుని నోరు తెరిచాడు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. రెండు పుల్లలూ అడ్డంగా పడుకుని ఉన్నాయి. వందలు నిలబడాలి కదా. పక్కపక్కన ఇద్దరు కావలివాళ్ళు నిద్రపోతున్నారు. మధ్యలో ఎవరో లేరు.

అప్పుడు ఇంకో సంగతి కూడా గుర్తుకొచ్చింది. అది గుర్తొచ్చాక, మధ్యాహ్నం తాను నవ్విన నవ్వంతా చేదెక్కింది.

"బొడ్డన్నా, వేళ్ళు దాటితే వెనకబడతానన్నావు. ఒక్క పూటలో వెయ్యి దాకా ఎలా వచ్చావు?"

ఉప్పువాడి ముఖం మీద నవ్వు అలాగే ఉంది. దాని కింద ముఖం మాత్రం మారిపోయింది. చర్మం జారి, చేతులు ఎనిమిదై, కళ్ళు పళ్ళేలంతై, ఘూర్ణనేత్రుడు పెంచే జలభూతం లేచి నిలబడింది. గాడిద ఓండ్రపెట్టి, ఖాళీ అన్న బుట్టల్లోంచి నీళ్ళు కారుస్తూ దిబ్బల మీదకు పారిపోయింది.

"ఒక్క పుల్ల జరిపాను," అంది భూతం గరగరమంటూ. "ఒక్కటే గదా. మనుషులు ఎవరూ అంత జాగ్రత్తగా చూడరని మా దొర అన్నాడు."

ఒక చెయ్యి అతని మెడకు చుట్టుకుంది, ఇంకొకటి నూలుండ కోసం సాగింది. మిహిరసేనుడు తంతువును పళ్ళ మధ్య ఇరికించుకుని, భూతాన్ని ఈడ్చుకుంటూనే వెనక్కి పరుగెత్తాడు. దారిలో కత్తి జారిపోయింది. ఊపిరి అందడం లేదు. చేతికి వెనక గుంజ తగిలింది. పీకి, వెనుదిరగకుండానే భుజం మీదుగా పొడిచాడు. గుంజ భూతం రొమ్ములోంచి ఇసుకలోకి దిగింది. నల్లని సిరాలాంటి నీళ్ళు చిమ్మి, భూతం ఇంకిపోయింది. తలపాగా ఒక్కటి మిగిలింది.

చాప దగ్గరకు తిరిగివచ్చాడు. జరిపింది ఏ పుల్లను? ఎక్కణ్ణించి? అవ్వ లేచి చెప్పేదాకా ఆగితే పొద్దు ఆగదు. తప్పు చెబితే తరళ లేదు. అతను పుల్లలనే చూస్తూ కూర్చున్నాడు. ఇంతమంది దేవతల పేర్లు తెలిసి కూడా, ఆ క్షణాన ఎవరిని అడగాలో తోచలేదు. అడిగితే వాళ్ళు చెబుతారా, లేక ఇచ్చిన బుద్ధిని వాడుకోమంటారా?

వేలు అడ్డం. పదులు అడ్డం. నాలుగు స్థానాల్లో అడ్డంగా పడుకునే హక్కు ఆ రెంటికే ఉంది. ఒక పుల్ల వేల చోటే ఉంది. రెండోది వచ్చింది పదుల చోటు నుంచే. ఇంకెక్కణ్ణించీ రాలేదు.

ఆ పుల్లను ఒక స్థానం కుడికి జరిపాడు. రెండు అడ్డపుల్లల నడుమ ఖాళీ వచ్చింది. ఆ ఖాళీని చూడగానే, ఎందుకో, అది సరైనదని అతనికి తెలిసిపోయింది.

కన్ను ఆనించిన చోటికి తిరిగివెళ్ళి, బాణం ఎక్కుపెట్టి, ఒక్కొక్క మాటా నిదానంగా పలికాడు. "వెయ్యిన్ని పది మూరలు."

వెండిదారం గాలిని కోసుకుంటూ లేచింది. గుంజ మొనను రాసుకుంటూ, కాకులు లేని ఆకాశంలోకి, నీళ్ళ మీదుగా, చివరి ఎండలోకి పోయింది. ఎక్కడో చాలా దూరాన చిన్న గంట కొట్టినట్టు ఇత్తడి మోగింది. దారం వీణతీగలా బిగిసింది.

"మొనకు తగిలిందా?" షూవెన్ మోచేతి మీద లేచి ఉంది. నుదుట నెత్తురు.

"తగిలింది అవ్వా. నీటికి ఎక్కడా తగల్లేదు."

ఆమె తడుముకుంటూ వచ్చి దారం ఈ కొసను గుంజ మొదట్లో చుట్టి, దాన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. "వెళ్ళు. ఈ కొస దగ్గర నేనుంటాను. అక్కడ మా ఆయన ఆనవాలు ఏదైనా కనబడితే..." ఆగింది. "కనబడకపోయినా వచ్చి చెప్పు."

మిహిరసేనుడు ఆమె పాదాలకు మొక్కి, చేతులూ మడమలూ దారానికి తగిలించి పాకసాగాడు. కింద సముద్రం ముదిరి నలుపెక్కింది. నూరు మూరలు, ఇన్నూరు మూరలు, భుజం గాయం మండుతోంది. సగం దూరంలో మేఘం ఒకటి అడ్డం వచ్చింది. వెనక్కి చూస్తే ఒడ్డు లేదు. ముందుకు చూస్తే మేడ లేదు. రెండు కొసలూ ఉన్నాయని దారం బిగువు ఒక్కటే చెబుతోంది. పుల్ల పెట్టని ఆ చోటులో ఇప్పుడు తానున్నాడు.

"తరళా," అని మెల్లగా పిలిచాడు. మేఘం ఆ మాటను తాగేసింది.

అప్పుడు దారం అదిరింది. పైకొస నుంచి ఎవరో దాని మీదకు దిగారు. మిహిరసేనుడు ఊపిరి బిగబట్టి, దారానికి చెంప ఆనించాడు. చిన్నప్పుడు అంతఃపురపు ఉయ్యాల గొలుసులకు చెంప ఆనించి, ఎక్కినవాళ్ళెవరో చెప్పడం అన్నాచెల్లెళ్ళ ఆట. తరళ ఎక్కితే తూనీగ వాలినట్టు ఉండేది.

ఈ అడుగు తూనీగ కాదు. బరువుగా, తడబడుతూ, ఆగి ఆగి వస్తోంది. పొడవు కొలిచేవాడు మూరమూరకూ ఆగినట్టు. మేఘం లోపలినుంచి ఒక ముసలి గొంతు, ఎన్నో ఏళ్ళుగా ఎవరితోనూ మాట్లాడని గొంతు, తనలో తాను చీనా భాషలో ఏవో అంకెలు లెక్కపెట్టుకుంటోంది.